డబ్బాలో నీళ్లు ఎంత తగ్గాయో చూడండి

బానెట్ ఎత్తగానే బ్యాటరీ పక్కన ఒక దళసరి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. లోపల, మధ్యలో అట్టముక్క పట్టేంత ఎడంతో నిలబెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు. వాటిని ముంచుతూ నీళ్లు, ఆ నీళ్లలో చెంచాడు కాస్టిక్ పొటాష్. రెండు వైర్లు రిలే మీదుగా బ్యాటరీకి వెళ్తాయి. మూత నుంచి బయల్దేరిన సన్నటి గొట్టం, నీళ్లున్న మరో చిన్న సీసాలో మునిగి లేచి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే పైపులో కలుస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే పలకల మధ్య నుంచి సన్నని బుడగలు తెల్లగా పొంగి పైకి లేస్తాయి. చిన్న సీసాలో బుడబుడమని చప్పుడు మొదలవుతుంది.

దీన్ని హైడ్రోజన్ కిట్ అంటారు, హెచ్‌హెచ్‌ఓ కిట్ అంటారు, కొందరు బ్రౌన్ గ్యాస్ కిట్ అంటారు. నీటిని కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను పెట్రోలుతోపాటు ఇంజిన్‌కు అందిస్తే మైలేజీ 20 శాతం, 30 శాతం, ఇంకా ఎక్కువ కూడా పెరుగుతుందని అమ్మేవాళ్ల మాట. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో ఆ మాట ఎవరికైనా చెవికెక్కుతుంది. రోజంతా కారు తిప్పితే గాని ఇల్లు గడవని ట్యాక్సీ డ్రైవరుకు అదొక ఆశ. ఆ ఆశ మీద కష్టార్జితం పెట్టే ముందు లెక్క తెలుసుకునే హక్కు అతనికి ఉంది. లెక్క పెద్ద కష్టమైనది కూడా కాదు.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. ఆ బుడగల్లో ఉన్నది నిజంగా హైడ్రోజనూ ఆక్సిజనే. అది మండుతుంది, ఆ మంటలో శక్తి ఉంది. బరువుతో పోలిస్తే పెట్రోలు కన్నా హైడ్రోజన్‌దే పైచేయి: కిలో హైడ్రోజన్ మండితే 120 మెగాజౌళ్లు, కిలో పెట్రోలు మండితే సుమారు 44. ఇంతవరకూ అబద్ధమేమీ లేదు. తేలవలసిన ప్రశ్నలు రెండు. ఎంత హైడ్రోజన్ వస్తోంది? దాన్ని తెచ్చే కరెంటు ఎక్కడిది?

నీటిని కరెంటుతో విడగొట్టడం రెండు వందల ఏళ్లు దాటిన విద్య. 1800 మార్చిలో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తాను తయారుచేసిన తొలి బ్యాటరీ గురించి లండన్‌కు ఉత్తరం రాశాడు. అదే ఏడాది మే నెలలో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు అలాంటి బ్యాటరీనే కట్టి, దాని తీగలను నీళ్లలో ముంచి, నీరు రెండు వాయువులుగా విడిపోవడం చూశారు. అంతకు కొన్నేళ్ల ముందు, 1780ల్లో, హెన్రీ కావెండిష్ హైడ్రోజన్‌ను మండిస్తే మిగిలేది నీరేనని చూపించాడు. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెడితే విషయం మొత్తం బోధపడుతుంది. హైడ్రోజన్ మండితే నీరవుతుంది. నీటిని విడగొడితే హైడ్రోజన్ తిరిగి వస్తుంది. మండినప్పుడు ఎంత శక్తి బయటికి వచ్చిందో, విడగొట్టడానికి కనీసం అంత శక్తినీ మళ్లీ లోపలికి పెట్టాలి. సముద్రంలోనైనా, చెరువులోనైనా, మన ఇంటి బిందెలోనైనా ఉన్న నీరంతా ఎప్పుడో కాలిపోయిన హైడ్రోజన్. దాన్నుంచి మండించుకోవడానికి ఇంక మిగిలిందేమీ లేదు.

హైడ్రోజన్‌తో నడిచే ఇంజిన్ కూడా పాతదే. పెట్రోలు కారు ఊహలోకైనా రాని 1807లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఇసాక్ ద రివాజ్ హైడ్రోజన్‌ను మండించి చక్రాలు తిప్పే ఇంజిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1870ల్లో జూల్ వెర్న్ 'మిస్టీరియస్ ఐలాండ్' నవలలో ఒక ఇంజినీరు చేత, బొగ్గు అయిపోయాక మనుషులు నీటినే ఇంధనంగా వాడుకుంటారని చెప్పించాడు. ఆ ఇంజినీరు నీటిని విడగొట్టే పని కరెంటుకు అప్పగించాడు, ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. నూటయాభై ఏళ్ల తర్వాత కిట్ల ప్రకటనలు కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతున్నాయి.

ఇప్పుడు డబ్బాలోకి వెళదాం. ఒక కిట్ 14 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అంటే 280 వాట్లు. 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు ఐదింటిని ఒకేసారి వెలిగించినంత భారం. లోపలి పలకలు ఆరు గదులుగా వరుసలో ఉంటే, ఫారడే 1830ల్లో కనుక్కున్న నియమం ప్రకారం గంటకు వచ్చే హైడ్రోజన్ నాలుగున్నర గ్రాములు. అందుకు ఖర్చయ్యే నీరు 40 మిల్లీలీటర్లు. ఆక్సిజన్‌తో కలిపి నిమిషానికి లీటరుంబావు వాయువు వస్తుంది కనుక బుడగలు చూడ్డానికి ఘనంగానే ఉంటాయి. కానీ హైడ్రోజన్ మహా తేలిక. గదంతా నింపినా బరువు తూగదు.

ఆ 40 మిల్లీలీటర్ల దగ్గరే కాసేపు నిలబడాలి. గంటకు 40 మిల్లీలీటర్లు అంటే లీటరు నీళ్లు 25 గంటలు వస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున 1,500 కిలోమీటర్లు. ఒకసారి నీళ్లు పోస్తే వెయ్యి కిలోమీటర్ల దాకా మళ్లీ చూడక్కర్లేదని ప్రకటనల్లో గొప్పగా చెప్పేది ఈ సంగతే. నిజానికి కిట్‌కు వ్యతిరేకంగా ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. లీటరు నీటిలో ఉండే హైడ్రోజన్ మొత్తం కలిపి 111 గ్రాములు. ఒక్క గ్రాము కూడా వృథా పోకుండా తీసి మండించినా వచ్చేది 13.3 మెగాజౌళ్లు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లు ఉంటాయి. కాబట్టి లీటరు నీటిలోని హైడ్రోజన్ అంతా కలిపితే 415 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 1,500 కిలోమీటర్లకు 83 లీటర్ల పెట్రోలు తాగుతుంది. 83 లీటర్లలో 415 మిల్లీలీటర్లు అంటే అర శాతం. కరెంటు పైసా ఖర్చు లేకుండా వచ్చినా, ఇంజిన్ ఆ హైడ్రోజన్‌ను చివరి బుడగ దాకా వాడుకున్నా, దాని వంతు అర శాతం దాటదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, పరికరాలు అక్కర్లేదు. డబ్బా మీద స్కెచ్‌పెన్నుతో ఒక గీత గీసి, వంద కిలోమీటర్లు తిరిగొచ్చి, నీళ్లు ఎంత తగ్గాయో చూస్తే చాలు.

అదే కారుకు 20 శాతం ఇంధనం నిజంగా నీటి నుంచే రావాలంటే ఏం కావాలి? 60 కిలోమీటర్ల వేగంలో గంటకు 3.3 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. అందులో ఐదో వంతు హైడ్రోజన్ ఇవ్వాలంటే గంటకు 178 గ్రాములు తయారు కావాలి. గంటకు లీటరున్నరకు పైగా నీళ్లు పోస్తూ ఉండాలి. పై కిట్ సామర్థ్యంతోనే అయితే 11 కిలోవాట్ల కరెంటు కావాలి, 14 వోల్టుల దగ్గర దాదాపు 790 ఆంపియర్లు. చిన్న కార్లలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగేది కిలోవాటు అటూ ఇటూ. అంత కరెంటు మోయాలంటే వైరు వేలి లావుకన్నా ఎక్కువ ఉండాలి.

ఇక రెండో ప్రశ్న. ఇంజిన్ ఎలాగూ తిరుగుతోంది, ఆల్టర్నేటర్ ఎలాగూ తిరుగుతోంది, మిగులు కరెంటు ఉత్తినే పోతోంది కదా, దాన్నే వాడుకుంటున్నాం అంటారు. ఈ మాట మెకానిక్కుల నోట కూడా వింటాం. పాత సైకిళ్లకు డైనమో ఉండేది. రాత్రిపూట దాన్ని టైరుకు ఆనించి లైటు వెలిగించుకుంటే పెడల్ బరువెక్కేది. తొక్కినవాళ్ల కాళ్లకు ఆ తేడా గుర్తే ఉంటుంది. కారులోనూ అంతే. ఆల్టర్నేటర్ మిగులు కరెంటును తయారుచేసి పారబోయదు. ఎంత లాగితే అంతే ఇస్తుంది, ఇచ్చిన ప్రతి వాటుకూ బెల్టును బిగబట్టి ఇంజిన్ దగ్గర బదులు తీసుకుంటుంది. బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు హెడ్‌లైట్లూ, వెనక అద్దం హీటరూ ఒక్కసారిగా వేసి చూడండి. ఇంజిన్ చప్పుడు ఒక క్షణం కిందికి దిగి మళ్లీ సర్దుకుంటుంది.

ఆ బదులు ఎంతో లెక్కేద్దాం. కిట్‌కు కావలసింది 280 వాట్లు. కారు ఆల్టర్నేటర్ సామర్థ్యం, బెల్టు నష్టంతో కలిపి, 55 శాతం అనుకుంటే ఇంజిన్ దానికి 510 వాట్ల తిప్పుడు శక్తి ఇవ్వాలి. పెట్రోలు శక్తిలో ఇంజిన్ తిప్పుడుగా మార్చేది పావు వంతే. అంటే 510 వాట్ల కోసం రెండు వేల వాట్లకు పైగా పెట్రోలు మండాలి. గంటకు 230 మిల్లీలీటర్లు. ఇంజిన్ సామర్థ్యాన్ని ఉదారంగా 40 శాతం అనుకున్నా 140 మిల్లీలీటర్లకు తగ్గదు. ఇంత పెట్టి తెచ్చుకున్న నాలుగున్నర గ్రాముల హైడ్రోజన్ విలువ పెట్రోలు లెక్కలో 17 మిల్లీలీటర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. కిట్ బిగించిన కారు మైలేజీ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరు శాతం తగ్గాలి. ఎక్కడో ఒకచోట యంత్రాన్ని మెరుగుపరిస్తే ఈ లోటు పూడుతుందనుకోవడానికి వీల్లేదు. ఆల్టర్నేటర్, డబ్బా రెండూ నూటికి నూరు శాతం పనిచేసినా, విడగొట్టడానికి పెట్టిందే మండినప్పుడు తిరిగి వస్తుంది. మధ్యలో ఇంజిన్ తన మూడు వంతుల పన్ను తీసుకోవడం మానదు. శక్తి నిత్యత్వ నియమం అని బడిలో చదువుకున్నది ఇదే.

ఇక్కడిదాకా వచ్చాక కిట్ అమ్మేవాళ్లలో తెలివైనవాళ్లు వాదన మారుస్తారు. హైడ్రోజన్ ఇంధనంగా పనిచేయదు, ఉత్ప్రేరకంలా పనిచేస్తుంది, పెట్రోలును పూర్తిగా మండేలా చేస్తుంది అంటారు. ఈ వాదనను తీసిపారేయకూడదు, ఎందుకంటే దీని వెనక ఒక నిజం ఉంది. హైడ్రోజన్ మంట చాలా వేగంగా పాకుతుంది. పెట్రోలు ఆవిరి మంటకన్నా ఐదారు రెట్లు వేగం. చాలా పలచటి మిశ్రమంలో కూడా అంటుకుంటుంది. కాబట్టి పెట్రోలుకు తగినంత హైడ్రోజన్ కలిపితే, మామూలుగా తడబడే పలచటి మిశ్రమంతో కూడా ఇంజిన్ నడుస్తుంది.

దీన్ని అమెరికాలోని నాసా లూయిస్ పరిశోధన కేంద్రం శ్రద్ధగా పరీక్షించి 1977లో నివేదిక ఇచ్చింది. కిట్ల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేరు ఈ నివేదికదే. నివేదికను చదివితే మూడు సంగతులు కనిపిస్తాయి. వాళ్లు వాడిన హైడ్రోజన్ కారు కరెంటుతో నీటి నుంచి తీసింది కాదు; సిలిండర్లలో నింపి తెచ్చింది ఒకటి, మిథనాల్ నుంచి రసాయనికంగా తీసింది మరొకటి. హైడ్రోజన్ కలిపితే మంట వేగం పెరిగింది, ఇంజిన్ ఇంకా పలచటి మిశ్రమంతో నడిచింది, ఆ పలచదనం వల్ల కాలుష్యం తగ్గింది. మూడోది, ప్రకటనల్లో ఎన్నడూ కనిపించనిది: హైడ్రోజన్, పెట్రోలు రెండింటి శక్తినీ కూడితే ఇంజిన్ కనీస శక్తి వినియోగం మారలేదు. అంటే హైడ్రోజన్‌ను బయటి నుంచి తెచ్చిపెట్టినా మొత్తం ఖర్చు తగ్గలేదు.

పైగా మోతాదు సంగతి ఉంది. 1,200 సీసీ ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతూ సగం థ్రాటిల్‌లో ఉంటే నిమిషానికి సుమారు 600 లీటర్ల గాలి పీలుస్తుంది. కిట్ ఇచ్చే హైడ్రోజన్ నిమిషానికి ముప్పావు లీటరు పైచిలుకు. వెయ్యి భాగాలకు ఒకటిన్నర భాగం కూడా కాదు. గాలిలో హైడ్రోజన్ తనంత తాను అంటుకోవాలంటే నూటికి నాలుగు భాగాలుండాలి. ఇంత పలచగా కలిసిపోయాక అది పెట్రోలు మంటను ఉరకలెత్తించే మాట ఎక్కడిది? అసలు పూర్తిగా మండేలా చేయడానికి మిగిలింది కూడా చాలా తక్కువ. మంచి స్థితిలో ఉన్న పెట్రోలు ఇంజిన్‌లో 97, 98 శాతం ఇంధనం మండనే మండుతుంది. మైలేజీ పోయేది మండకపోవడం వల్ల కాదు. పుట్టిన వేడిలో మూడో వంతు సైలెన్సరు గుండా, దాదాపు అంతే రేడియేటరు గుండా బయటికి పోతుంది. ఆ దారులను నీళ్ల డబ్బా మూయలేదు.

అయినా కిట్ పెట్టించుకున్నవాళ్లలో కొందరు మైలేజీ పెరిగిందని ప్రమాణం చేసి చెబుతారు. వాళ్లందరూ అబద్ధాలాడుతున్నారని అనుకోను. వాళ్ల అనుభవానికి కారణాలు వేరే ఉన్నాయి, అవి తెలుసుకోదగ్గవి.

కిట్ బిగించేటప్పుడు మెకానిక్ సాధారణంగా ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తాడు, స్పార్క్ ప్లగ్గులు చూస్తాడు, టైర్లలో గాలి సరిచేస్తాడు. ఇవి మైలేజీని నిజంగానే పెంచుతాయి. కిట్‌కు డబ్బు పెట్టిన మనిషి ఆ తర్వాత యాక్సిలరేటరు మీద కాలు కొంచెం మెత్తగా వేస్తాడు. మైలేజీ చూసుకోవాలన్న ధ్యాసే అలా చేయిస్తుంది. ఇక కొలిచే పద్ధతి. బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి, తిరిగి, మళ్లీ ఫుల్ కొట్టించి లెక్కేస్తాం. పంపు నాజిల్ ఒకసారి ముందే ఆగుతుంది, ఒకసారి ఆలస్యంగా ఆగుతుంది. పదిహేను లీటర్ల మీద ఒక్క లీటరు తేడా వస్తే అది దాదాపు ఏడు శాతం. ఏసీ వాడకం, ట్రాఫిక్, ఎండాకాలమా వానాకాలమా అన్నవి దానికి తోడు. ఐదారు శాతం తేడాను ఇలా పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కచ్చితంగా తేల్చాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా కేంద్రంలో బండిని రోలర్ల మీద ఎక్కించి, ఒకే వేగక్రమంలో నడిపి, సైలెన్సరు నుంచి వచ్చిన కార్బన్ అంతా కొలుస్తారు. ఇంటి దగ్గర చేయగలిగింది ఒకటుంది. కిట్ స్విచ్చిని డ్రైవరుకు కనబడని చోట పెట్టి, ఏ వారం వేసి ఉందో ఏ వారం ఆపి ఉందో ఇంట్లో మరొకరు రాసిపెట్టుకుని, రెండు మూడు నెలల తర్వాత పుస్తకం తెరవడం. ఇలా రాసిన పుస్తకం ఏదీ ప్రకటనల్లో కనిపించదు.

ఇంకో కారణం ఉంది, ఇది ప్రమాదకరమైనది. ఇప్పటి కార్లలో సైలెన్సరు పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఒక భాగం పెట్రోలుకు 14.7 భాగాల గాలి ఉండేలా సర్దుతుంది. డబ్బా నుంచి వచ్చే అదనపు ఆక్సిజన్ ఏ కాస్త మిగిలినా, మిశ్రమం పలచబడిందనుకుని ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. దాన్ని ఆపడానికి కిట్‌తోపాటు మరో చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె అమ్ముతారు. సెన్సర్ పంపే వోల్టేజీని మార్చి ఈసీయూకు తప్పుడు కబురు చేరవేయడమే దాని పని. ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. మైలేజీ కాస్త పెరిగినట్టే ఉంటుంది, పికప్ పోతుంది. హైడ్రోజన్‌కు ఇందులో పాత్రేమీ లేదు. డబ్బాలో నీళ్లు తీసేసి ఆ పెట్టెను మాత్రమే ఉంచినా అంతే జరుగుతుంది. మిశ్రమం అలా కొద్దిగా మాత్రమే పలచబడినప్పుడు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని విరిచే కెటలిటిక్ కన్వర్టర్‌కు పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే ఆ పని చేతకాదు. పక్కన స్కూటర్ మీద వెళ్లే బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఆ గాలే.

నీటితో కారు నడుపుతామన్న మనుషుల చరిత్ర ఒక్క దేశానిది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన స్టాన్లీ మేయర్ నీటితో నడిచే బగ్గీని చూపించాడు. 83 లీటర్ల నీళ్లతో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా వెళ్లవచ్చన్నాడు. ఇద్దరు పెట్టుబడిదారులు కోర్టుకు వెళ్లారు. నిపుణులు అతని పరికరాన్ని విప్పి చూసి, అందులో ఉన్నది నీటిని కరెంటుతో విడగొట్టే మామూలు విద్యుద్విశ్లేషణే తప్ప వేరేమీ లేదన్నారు. 1996లో కోర్టు దాన్ని ఘోరమైన మోసంగా తేల్చి 25 వేల డాలర్లు తిరిగి ఇవ్వమంది. 1998లో ఒక రెస్టారెంటులో కూర్చుని ఉండగా అతను హఠాత్తుగా కుప్పకూలి చనిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లడమే కారణమని వైద్యపరీక్షలో తేలింది. చమురు కంపెనీలే చంపించాయన్న కథ మాత్రం ఈనాటికీ తిరుగుతోంది. జపాన్‌లోని ఒసాకాలో 2008లో జెనెపాక్స్ అనే సంస్థ నీటి కారును విలేకరులకు చూపించి, ఏడాది తిరగకముందే మూతపడింది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మైలేజీ కనీసం 50 శాతం పెరుగుతుందని 'హైడ్రో అసిస్ట్' కిట్లు అమ్మినవాళ్ల మీద కోర్టుకు వెళ్లింది. 2012లో పాకిస్తాన్‌లో ఆఘా వకార్ అహ్మద్ అనే వ్యక్తి టీవీ కెమెరాల ముందు నీళ్లతో కారు నడిపి చూపితే మంత్రులు మెచ్చుకున్నారు, పేరున్న శాస్త్రవేత్తలు కొందరు వంత పాడారు. భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హూద్‌భాయ్ మాత్రం ఇది భౌతికశాస్త్ర మూలసూత్రాలకే విరుద్ధమని గట్టిగా నిలబడ్డాడు. మంత్రుల మాటకు ఎదురు చెప్పి నిలబడిన ఆ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

మన పక్కనే తమిళనాడులో రామర్ పిళ్లై కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1996లో ఆకులూ నీళ్లూ ఉడికించి పెట్రోలు తీస్తానన్నాడు. దేశమంతా మారుమోగిపోయింది, ప్రభుత్వాలు కూడా ఆసక్తి చూపాయి. తర్వాత అతను అమ్మిన మూలికా ఇంధనంలో ఉన్నవి టోలుయీన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకులేనని తేలింది. 2016లో చెన్నైలోని సీబీఐ కోర్టు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. ఇరవై ఏళ్లు పట్టింది.

డబ్బు నష్టం ఒకటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. డబ్బాలో తయారయ్యేది హైడ్రోజన్, ఆక్సిజన్ సరిగ్గా పేలే పాళ్లలో కలిసిన మిశ్రమం. దానికి బయటి గాలి కూడా అక్కర్లేదు. అంటుకోవడానికి ఒక మిల్లీజౌలులో యాభయ్యో వంతు చాలు. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడే నిప్పురవ్వలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మధ్యలో ఉండే చిన్న నీళ్ల సీసా ఇంజిన్ వైపు నుంచి మంట వెనక్కి పాకకుండా ఆపడానికే. అందులో నీళ్లు తగ్గితే ఆ కాపలా కూడా పోయినట్టే. కాస్టిక్ పొటాష్ కంట్లో పడితే చూపు పోవచ్చు. అది దొరక్క కొందరు ఉప్పు వేస్తారు, అప్పుడు క్లోరిన్ పుడుతుంది. నీళ్లు కొన్నాళ్లకు గోధుమరంగులోకి తిరుగుతాయి. అది స్టీలు పలకలు కరిగిన మడ్డి, అందులో విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు ఉండొచ్చు. దాన్ని షెడ్డు వెనక కాలువలో పారబోస్తారు. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం నేరం. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు ఉన్న వెసులుబాటు దీనికి లేదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా అడిగేది ఆ డబ్బా గురించే.

మరి హైడ్రోజన్‌ను పెట్రోలు, గ్యాసుకు తోడుగా వాడటమే తప్పా? కానే కాదు. 2020 అక్టోబరులో ఢిల్లీ రాజ్‌ఘాట్ డిపోలో 50 బస్సులకు 18 శాతం హైడ్రోజన్ కలిసిన సీఎన్‌జీ పోసి నడిపించారు. ఇండియన్ ఆయిల్ సంస్థ ఆ మిశ్రమాన్ని డిపోలోనే, సహజవాయువులో కొంత భాగాన్ని మార్చి తయారుచేసింది. నూటికి 18 పాళ్లు అంటే మంట స్వభావం నిజంగా మారే మోతాదు. పైగా హైడ్రోజన్ తయారీ భారం బస్సు ఇంజిన్ మీద పడలేదు.

హైడ్రోజన్‌తోనే నడిచే కార్లూ ఉన్నాయి. 2022 మార్చి 30న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు వెళ్లిన టొయోటా మిరాయ్ అలాంటిదే. దాని ట్యాంకుల్లో 5.6 కిలోల హైడ్రోజన్ 700 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ఫ్యూయెల్ సెల్ దాన్ని కరెంటుగా మార్చి మోటారు తిప్పుతుంది, వెనక నుంచి నీటి చుక్కలు కారతాయి. ఒక్కసారి నింపితే ఆరు వందల కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. మన నీళ్ల డబ్బా గంట సేపు బుడగలు తీసి ఇచ్చే నాలుగున్నర గ్రాములతో ఈ కారు కూడా అర కిలోమీటరుకు మించి కదలదు.

నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి అసలైన చోటు బానెట్ కింద లేదు, కరెంటు పుట్టే చోట ఉంది. అక్కడ కూడా లెక్క మారదు. నీటిని విడగొట్టే పెద్ద ఎలక్ట్రోలైజర్లకు కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి 33 యూనిట్లు. వంద యూనిట్ల సౌర విద్యుత్తును నేరుగా బ్యాటరీ కారులో నింపితే 70 నుంచి 80 యూనిట్లు చక్రాలకు చేరతాయి. అదే కరెంటుతో నీటిని విడగొట్టి, వాయువును నొక్కి నింపి, మళ్లీ ఫ్యూయెల్ సెల్‌లో కరెంటుగా మారిస్తే 25 నుంచి 35 మిగులుతాయి. అందుకే నగరంలో తిరిగే చిన్న కారుకు హైడ్రోజన్ తగిన దారి కాదని నా అభిప్రాయం, నీటి నుంచి తీసినా మరెలా తీసినా.

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. అందులో పెద్ద పనులలో ఒకటి మన అనకాపల్లి జిల్లా తీరంలోని పూడిమడకలో ఉంది. ఎన్‌టీపీసీ చేపట్టిన ఈ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నంలో శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది ప్రణాళిక. కిలోకు 52 యూనిట్ల చొప్పున వేసుకుంటే రోజుకు ఏడు కోట్ల ఎనభై లక్షల యూనిట్ల కరెంటు. ఎండ రాత్రి ఉండదు, గాలి అన్ని రోజులూ ఒకేలా వీచదు. అందుకే దీనికి 20 గిగావాట్ల సౌర, పవన విద్యుత్ కేంద్రాలను లెక్కలో పెట్టుకున్నారు. ఇంత కరెంటు పెట్టి తీసిన హైడ్రోజన్ కార్ల ట్యాంకుల కోసం కాదు. దాంతో యూరియా, మిథనాల్, విమాన ఇంధనం తయారుచేస్తారు. యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఇవాళ ఆ హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తున్నారు, ఆ వాయువులో చాలా భాగం దిగుమతి చేసుకుంటున్నారు. బ్యాటరీ ఎంత చవకైనా ఆ పనికి రాదు.